నడుము మెచ్చిన కారు

విశాఖపట్నం నుంచి అరకు ఎంత దూరం? ఎవర్నడిగినా ఠక్కున చెబుతారు... దగ్గర దగ్గర 115 కిలోమీటర్లని. కార్లో మూడు గంటలు, టిఫినుకి ఆగితే మూడున్నర. అదే ప్రశ్న నడుం నొప్పి ఉన్నవాళ్లనడిగి చూడండి. పెందుర్తి దాకా ఫర్వాలేదు, కొత్తవలసలో మొదలవుతుంది, శృంగవరపుకోట వచ్చేసరికి కాల్లోకి పాకుతుంది, ఆ పైన ఘాట్ రోడ్డు సంగతి అడక్కండి... ఇదీ వాళ్లు చెప్పే దారి!

ఎమ్వీపీ కాలనీలో ఉండే ఓ టీచరుగారి లెక్కా అదే. ఏళ్ల తరబడి హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వయసు అరవై మూడు. నడుం కింది భాగంలో ఒక డిస్కు కాస్త పక్కకి జరిగిందని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వ్యాయామాలు చేయమన్నారు, నడవమన్నారు. ఆవిడ బుద్ధిగా చేస్తున్నారు కూడా. పొద్దున్నే బీచ్ రోడ్డులో గంటసేపు నడిచినా ఏమీ కాదు. వంటింట్లో నిలబడి పదిమందికి వండి పెట్టినా ఇబ్బంది లేదు. పేచీ అంతా కూర్చోవడంతోనే. అందులోనూ కార్లో కూర్చోవడం!

ఆవిడ పుట్టిల్లు శృంగవరపుకోట. ఇంటి నుంచి యాభై కిలోమీటర్లు, మహా అయితే మరో అయిదు. అక్కడ ఎనభై నాలుగేళ్ల తల్లి ఉంది. ఒకప్పుడు నెలకోసారి వెళ్లొచ్చే ఆవిడ ఈ మూడేళ్లలో వెళ్లింది నాలుగుసార్లే. వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చాక రెండ్రోజులు మంచం మీదే. ఆఖరికి ఆ తల్లే ఫోన్ చేసి, 'నువ్వు రాకులే అమ్మా, ఇలా మాట్లాడుకుంటన్నాం కదా, చాలు' అంది. ఆ మాట విన్నరోజు టీచరుగారు భోజనం చేయలేదు.

ఆ రాత్రే ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది... కారు మార్చాలని.

డబ్బొకరిది... మోజొకరిది

కారు కొనేటప్పుడు మనిళ్లలో ఓ తమాషా జరుగుతుంది. డబ్బు ఒకరిది, మోజు ఒకరిది, నొప్పి మరొకరిది. ఇక్కడ డబ్బూ నొప్పీ టీచరుగారివే. రిటైర్మెంట్ సొమ్ములో కొంత ఇందుకోసం తీసి పక్కన పెట్టారు. మోజు మాత్రం కొడుకుది. అతను నెల రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని మైలేజీలు, ఎయిర్‌బ్యాగులు, తెరల సైజులు అన్నీ కాచి వడపోశాడు. పెద్ద ఎస్‌యూవీ అయితేనే అమ్మకి సుఖం అని తేల్చాడు. ఎంత పెద్ద బండైతే అంత హాయి అని చాలామంది అనుకునేదే అతనూ అనుకున్నాడు.

టెస్ట్ డ్రైవ్ రోజు స్టీరింగ్ దగ్గర కొడుకు. పక్కన భర్తగారు. ఆయన పక్కన సేల్స్ కుర్రాడికి చోటు లేదు కాబట్టి అతను వెనక, టీచరుగారి పక్కన. బండి నున్నటి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి వచ్చింది. అంతలోనే సన్‌రూఫ్ మూడుసార్లు తెరిచి మూశారు. 'ఎలా ఉందమ్మా?' అనడిగాడు కొడుకు. 'బాగుంది నాన్నా' అన్నారావిడ. తల్లులందరూ అలాగే అంటారు కదా!

అడ్డుపడింది ఆవిడకు వ్యాయామాలు నేర్పుతున్న ఫిజియోథెరపిస్టు. సోఫా కొనడానికి వెళ్లినా పది నిమిషాలు కూర్చుని చూస్తామే, ఏళ్ల తరబడి కూర్చోవాల్సిన సీటును అయిదు నిమిషాల్లో ఎలా ఒప్పుకున్నారని ఆమె అడిగారు. నడుం నొప్పి బయటపడ్డానికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. అదీ నున్నటి రోడ్డు మీద కాదు. మీరు రోజూ కూర్చునే సీట్లో, మీరు తరచూ వెళ్లే దారిలో, అంతసేపూ కూర్చుని చూస్తేగానీ తెలియదన్నారు.

టీచరుగారు తరచూ వెళ్లాలనుకునే దారి ఒకటే. కార్తీకమాసం వచ్చింది. అరకు వెళ్లడానికి వంక దొరికింది. కొడుకు తను మనసు పడ్డ మోడల్‌నే ఒక రోజుకి డ్రైవరుతో సహా అద్దెకు తెచ్చాడు. గోపాలపట్నంలో ఉండే టీచరుగారి తమ్ముడు భార్యతో కలిసి తన పాత చిన్న కార్లో బయల్దేరాడు. ఒకే దారి, రెండు బళ్లు, ఒక నడుము. లెక్కల టీచరు కదా, ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

కూర్చుంటే ఏమవుతుంది?

నిలబడితే లేని నొప్పి కూర్చుంటే ఎందుకొస్తుంది? విశ్రాంతిగా ఉండాలి కదా అని ఇంట్లో వాళ్లకు అనుమానం. ఈ అనుమానం పాతదే. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ నాచెమ్సన్ అనే ఎముకల వైద్యుడు 1960ల్లో మనుషుల వెన్నెముక డిస్కుల్లోకి సన్నటి సూది పంపి, లోపలి ఒత్తిడిని కొలిచాడు. నిలబడ్డప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, ఆనుకోకుండా కూర్చుంటే 140 దాకా, కూర్చుని ముందుకు వంగితే 185 దాకా పెరుగుతుందని ఆయన లెక్క తేలింది. 1999లో జర్మనీలో మళ్లీ కొలిచినవాళ్లకి మామూలుగా కూర్చోవడం అంత చెడ్డగా కనిపించలేదు. కానీ ముందుకు వంగి కూర్చుంటే ఒత్తిడి బాగా పెరగడం మాత్రం అక్కడా కనిపించింది. వీపును కాస్త వెనక్కి వాల్చి, నడుం వంపు దగ్గర ఆసరా ఉంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

కారు సీటులో ఇంకో చిక్కుంది. ఇంట్లో కుర్చీ కదలదు, కారు సీటు కదులుతుంది. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు కిందికీ పైకీ ఊగే కుదుపుకు ఎక్కువగా స్పందిస్తుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఎలా పైపైకి వెళుతుందో అలాగన్నమాట. గతుకుల రోడ్డు మీద బండి కుదుపుల్లో అవి కూడా ఉంటాయి. అందుకే రోజంతా బండి నడిపే లారీ, బస్సు డ్రైవర్లకు నడుం నొప్పి అంత మామూలు. ఆ మాటకొస్తే ఇది ఏ ఒక్కరి బాధో కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎక్కడమే ఒక కొండ

ఉదయం ఆరున్నరకి ఇంటి ముందు ఎస్‌యూవీ వచ్చి ఆగింది. మహారాజులా ఉంది. టీచరుగారు తలుపు తీసి, పైనున్న పిడి పట్టుకుని, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, ఒళ్లంతా మెలిపెట్టి పైకి లాక్కున్నారు. ఒంటికాలి మీద బరువు, నడుం మెలిక, పైకి లాగడం... ఫిజియోథెరపిస్టు చేయొద్దన్న మూడూ ఒకేసారి అయిపోయాయి. ప్రయాణం ఇంకా మొదలే కాలేదు!

ఎక్కేముందే ఆవిడ టేపు పెట్టి కొలిచారు. నేల నుంచి సీటు ఎత్తు 32 అంగుళాలు. అంతకుముందు రోజు పక్కింటివాళ్ల పొడుగాటి సెడాన్ కొలిచారు, 19. అంటే దాదాపు డైనింగ్ టేబుల్ కుర్చీ అంత. వినడానికి బాగానే ఉంది కానీ, కుర్చీకి పైన కప్పు లేదు. సెడాన్‌లోకి తల వంచి, నడుం వంచి, దిగబడి కూర్చోవాలి. దిగేటప్పుడు గోతిలోంచి లేచినట్టు లేవాలి. ఇక ఆవిడ నిలబడితే తొడ మొదలయ్యేది నేల నుంచి 27 అంగుళాల దగ్గర. సీటు అంతకు రెండు మూడు అంగుళాలు తక్కువుంటే, వెనక్కి తిరిగి కూర్చుంటే చాలు. ఎక్కడం, దిగడం రెండూ ఉండవు. ఇది ఎవరికి వాళ్లు కొలుచుకోవాల్సిన లెక్క. ఆరడుగుల మనిషికి పెద్ద బండి సీటే సరిగ్గా సరిపోవచ్చు.

పెందుర్తి దాకా హాయిగానే సాగింది. కొత్తవలస దారిలో స్పీడ్‌బ్రేకర్లు మొదలయ్యాయి. బరువులు మోయడానికని దిట్టంగా కట్టిన ఇలాంటి బండి నిండా జనం ఉంటే నెమ్మదిగా పోతుంది, నలుగురే ఉంటే వెనకభాగం ఎగురుతుంది. పైగా అలాయ్ చక్రాలు పెద్దవి, వాటి మీద టైరు సన్నం. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ గతుకును మింగాల్సిన రబ్బరు తక్కువైతే ఆ గతుకు ఎవరికి చేరుతుంది? వెనక సీట్లోవాళ్లకే. డ్రైవరు టైర్లలో గాలి కూడా గట్టిగా కొట్టించాడట, మైలేజీ కోసం. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. అంతకు మించితే మైలేజీ ఏమో కానీ కుదుపు ఖాయం.

కొత్తవలస దాటి టీకి ఆగేసరికి నలభై అయిదు నిమిషాలైంది. టీచరుగారు కిందకు దిగి నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డారు. ఆ నిలబడ్డ తీరు చూసి కొడుక్కి మొదటిసారి అనుమానం వచ్చింది.

'అప్పా, నా డొక్కు బండెక్కి చూడు ఓసారి' అన్నాడు తమ్ముడు.

నవ్విన డబ్బానే...

తమ్ముడిది పైకప్పు ఎత్తుగా ఉండే చిన్న కారు. మన దగ్గర 1998లో శాంట్రో, 1999లో వ్యాగన్ఆర్ వచ్చినప్పుడు ఇలాంటి ఎత్తు బళ్లను చూసి ఎంతమంది నవ్వలేదు! కారా, అగ్గిపెట్టా అన్నారు. తీరా కొన్నాక వాటిని ఇంట్లో పెద్దవాళ్లే ముందు మెచ్చుకున్నారు. చీర కట్టుకున్నవాళ్లు ఎక్కడానికి, మోకాళ్ల నొప్పులవాళ్లు దిగడానికి అంత వీలుగా ఉండేవి మరి. టేపు పెడితే తమ్ముడి కారు సీటు 24 అంగుళాలు. టీచరుగారు తలుపు తీసి, వెనక్కి తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నారు. అంతే!

అంతమాత్రాన తీర్పు తమ్ముడి వైపు ఇచ్చేయలేం. ఎక్కడం సుళువే కానీ వెనక సీటు పొట్టి. తొడలు సగం దాకే ఆనుతాయి, మిగతా సగం గాల్లో. వీపు నిటారుగా ఉంటుంది, వాల్చే వీలు లేదు. చక్రాలు చిన్నవి కాబట్టి ప్రతి గుంతలోకీ పూర్తిగా దిగి లేస్తాయి. 'పెళ్లిలో మనం వెళ్లిన అంబాసిడర్ ఎంత మెత్తగా ఉండేదిరా!' అన్నారావిడ. 'కారు మెత్తన కాదప్పా, అప్పుడు నీ నడుం వయసు ఇరవై నాలుగు' అన్నాడు తమ్ముడు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ బండి వెనక సీటును తలచుకుని ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లున్నారు. కానీ నడుం నొప్పికి మరీ మెత్తన మంచిది కాదు. కూర్చోగానే తుంటి లోపలికి దిగిపోతుంది, మోకాళ్లు పైకి లేస్తాయి, నడుం వంపు కాస్తా బల్లపరుపై పోతుంది. కొంచెం గట్టిగా, అంచు దాకా తొడలను మోసే సీటే మేలు.

శృంగవరపుకోట వచ్చింది. ఇప్పుడు ఆగితే మధ్యాహ్నం భోజనాలు అక్కడే అవుతాయి కాబట్టి సాయంత్రం వచ్చేటప్పుడు ఆగుదామని ముందే అనుకున్నారు. పుట్టింటి వైపు తిరిగే వీధి రాగానే టీచరుగారు మెడ తిప్పి అటే చూశారు. కారు ముందుకు పోయింది.

ముందు సీటు ఎవరిది?

కాశీపట్నం దాటాక కొండ మొదలవుతుంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క అడవి. మలుపు మీద మలుపు. ఎత్తయిన బండి మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపుకి ఒరిగిపోకుండా నడుం కండరాలు పట్టి ఉంచుతూనే ఉంటాయి. గంటసేపు ఆ పని చేస్తే అవి మాత్రం ఏమైపోతాయి! అన్నట్టు, కొత్త కారు సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఏడాది దాకా తీయనివాళ్లు మనలో బోలెడంతమంది. ఎక్కేటప్పుడు కాళ్లు తిప్పుకోడానికి ఆ జారుడు బాగానే పనికొస్తుంది. ఘాట్ రోడ్డులో మాత్రం ఆ జారుడే శత్రువు.

టైడా దగ్గర అందరూ దిగారు. తమ్ముడి భార్య ముందు సీట్లోంచి దిగి, 'వదినా, మీరు ముందు కూర్చోండి. నాకు వెనకాల పడుకోవాలనుంది' అంది. పడుకోవాలని ఉందో లేదో కానీ, ఆ మాటతో సంగతంతా మారిపోయింది.

ముందు సీటును టీచరుగారు కాస్త వెనక్కి జరిపారు. వీపును రెండు మెట్లు వాల్చారు. చిన్న తుండుగుడ్డను చుట్ట చుట్టి నడుం వంపులో పెట్టుకుని, బెల్టు పెట్టుకున్నారు. ముందు సీటు మీద కుదుపు తక్కువ, వెనక చక్రాల మీద కూర్చున్నట్టు ఉండదు. ఇంకో మేలు ఎవరూ చెప్పరు. ముందు కూర్చున్న మనిషికి మలుపు, గుంత ముందే కనిపిస్తాయి. ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. వెనకున్నవాళ్లకు గుంత వచ్చిందని తెలిసేది తగిలాకే!

అనంతగిరి మీదుగా గాలికొండ దగ్గర వ్యూపాయింటుకు చేరేసరికి మంచు తెరలు ఇంకా పూర్తిగా వీడలేదు. కింద కొండల వరసలు నీలంగా, ఒకదాని వెనక ఒకటి. మూడేళ్లుగా ఈ గాలి పీల్చని మనిషి రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. నొప్పి ఉందా అని ఎవరో అడిగితే, 'ఉంది. కానీ పొద్దుట ఉన్నంతే ఉంది' అన్నారు. పెరగకపోవడమే ఆవిడకు పెద్ద వార్త.

అక్కణ్నుంచి కొడుకు పట్టుబట్టి తల్లిని ఎస్‌యూవీ ముందు సీట్లోకి ఎక్కించాడు. భర్తగారు వెనక్కి మారాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఏ కారున్నా, ఎవరి కారెక్కినా ముందు సీటు ఆయనదే. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ అడగలేదు. పది కిలోమీటర్లు కూడా కాలేదు, వెనక నుంచి గొంతు వినిపించింది. 'ఇదేంటిరా, ఇంత కుదుపు?'

ఎవరూ జవాబు చెప్పలేదు. టీచరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నారు.

పొద్దుటి నుంచీ తనను వేధించిన బండిలోనే ఆవిడ ఇప్పుడు కాస్త కుదురుగా ఉన్నారు. ఎక్కడం ఇప్పటికీ కష్టమే, ఆ 32 అంగుళాలు ఎక్కడికీ పోలేదు. కానీ అదే బండిలో రెండు సీట్ల మధ్య ఇంత తేడా ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు. ఇక మూడో వరస సీట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి వెనక ఇరుసు మీదే ఉంటాయి, కాళ్లు ముడుచుకునే కూర్చోవాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లను పొరపాటున కూడా అటు పంపకండి. ఏడు సీట్ల బండే కావాలనుకుంటే, మధ్య వరసలో విడివిడి కుర్చీలుండి, వాల్చుకునే వీలున్నది చూసుకోవచ్చు.

పసుపు పూలు... వేడి కాఫీ

బొర్రా గుహల దగ్గర టీచరుగారు మెట్లు దిగారు! ఇంట్లోవాళ్లు వద్దన్నా వినలేదు. నడక ఆవిడకు మందు. లోపల సున్నపురాయి కారి కారి గడ్డకట్టిన స్తంభాల మధ్య, రంగు దీపాల వెలుగులో నెమ్మదిగా నడిచి, అలసినచోట నిలబడి, తిరిగి ఎక్కి వచ్చారు. నడుం నొప్పులన్నీ ఒకటి కాదు మరి. డిస్కు జారినవాళ్లకు చాలావరకు నడిస్తే హాయి, కూర్చుంటే బాధ. వయసు మీద పడి వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్లకు తిరగబడుతుంది... నాలుగడుగులు వేస్తే కాళ్లు పీకుతాయి, కూర్చుంటే నిమ్మళిస్తుంది. ఒకరికి సుఖంగా ఉన్న సీటు ఇంకొకరికి సరిపడకపోవడానికి ఇదీ ఒక కారణం. కాళ్లు మొద్దుబారిపోతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా మాత్రం అది సీటుతో తేలే సంగతి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని, కింద నీడలో కాఫీ మొక్కలు. అక్కడి చెక్క బల్లల మీద కూర్చోకుండా నిలబడే కాఫీ తాగారు టీచరుగారు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న అరకు కాఫీ గురించి కొడుకు ఏదో చెబుతున్నాడు. ఆవిడ చూపు మాత్రం వలిసె పూల మీదే ఉంది. ఈ రోజుల్లో అరకు లోయలో ఎటు చూసినా ఆ పసుపే. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుతోంది. కార్తీక సోమవారాలు చేసేవాళ్లు అటు చూడకుండా ఉడికిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కుంటున్నారు.

రైల్లో రావచ్చు కదా అనే మాటా వచ్చింది. న్యాయమే. కొత్తవలస - కిరండూల్ మార్గంలో అరకు దాకా ఎన్నో సొరంగాలు. దారిలో 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వచ్చింది. రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, నడుముకి అంతకంటే ఏం కావాలి? కానీ రైలు దాని సమయానికి బయల్దేరుతుంది, స్టేషన్ నుంచి ఇల్లు చేరడానికి ఆటో ఎక్కాలి. తల్లికి ఒంట్లో బాగోలేదని రాత్రి పది గంటలకు కబురొస్తే... టీచరుగారు కారు కావాలనుకున్నది అందుకు.

బండి తామే నడుపుకునేవాళ్ల సంగతి కాస్త వేరు. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలి నరం లాగేవాళ్లకు గేరు తనే మార్చుకునే కారు నిజంగా ఉపకారమే. 2014లో సెలెరియోతో మొదలైన ఏఎంటీ పద్ధతి వచ్చాక అది చిన్న కార్లలోకీ దిగింది. స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కీ జరుపుకోగలిగితే ఇంకా మంచిది, లేకపోతే చేతులు అందక ముందుకు వంగే నడపాలి. వెనక జేబులో పర్సు పెట్టుకుని గంటలకొద్దీ నడిపే మగవాళ్లు ఆ పర్సు తీసి పక్కన పెడితే కొంత నొప్పి అక్కడే తగ్గొచ్చు. భర్తగారు ఈ మాట విని వెనక జేబు తడుముకున్నారు.

ఎడ్లబండి పాఠం

తిరుగు ప్రయాణంలో ప్రతి ముప్పావుగంటకూ బళ్లు ఆగాయి. అయిదు నిమిషాల నడక, మళ్లీ ప్రయాణం. ఇంటికి ఆలస్యమవుతుందని ఎవరూ అనలేదు. దీపాల వేళకి శృంగవరపుకోట చేరారు. తులసికోట దగ్గర దీపం పెడుతున్న పెద్దావిడ రెండు కార్లు ఆగడం చూసి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది. ముందు సీట్లోంచి కూతురు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగడం చూసింది. ఏమీ అనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడుక్కోమంది.

వెంటనే డిక్కీలోంచి సంచులు దింపబోయిన టీచరుగారిని కొడుకు ఆపాడు. చాలాసేపు కూర్చుని లేవగానే బరువులెత్తకూడదు, వెన్ను కాసేపు కుదురుకోవాలి. ఈ సంగతి పొద్దుటే నేర్చుకున్నాడు అతను.

భోజనాలయ్యాక పెద్దావిడ అడిగింది... 'ఇన్నాళ్లకొచ్చారు కదా, నన్నూ తీసుకెళ్తారా? అప్పన్నకి ఓ దండం పెట్టుకొస్తాను' అని. ఎప్పుడో మొక్కుకున్న సింహాచలం మొక్కు. మనవడు ఉత్సాహంగా ఎస్‌యూవీ తలుపు తీశాడు. ఆవిడ బండి కింద నుంచి పై దాకా చూసింది. 'ఇంత ఎత్తేటిరా నాయనా!' అంది. లోపల నుంచి పీట తెచ్చి వేశారు. ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఒకరు వెనక నుంచి ఆన్చారు. పీట కదిలింది. ఆవిడ కాలు వెనక్కి తీసేసుకుంది.

తమ్ముడు మాట్లాడకుండా తన కారు ముందు తలుపు తీశాడు. పెద్దావిడ దానికి వీపు పెట్టి నిలబడి, మెల్లగా సీటు మీద కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంది. ఫిజియోథెరపిస్టు టీచరుగారికి వారం రోజులు నేర్పిన పద్ధతి అచ్చంగా అదే!

'నీకెవరు నేర్పారమ్మా?' అంటే ఆవిడ నవ్వింది. 'ఒకళ్లు నేర్పడమేటే? ఎడ్లబండి వెనకాల ఇలాగే కదా కూచునేవాళ్లం.'

మనవడు సెల్‌ఫోన్ లైటు వేసి, అమ్మ బ్యాగులోంచి టేపు తీసి, ఆ సీటు ఎత్తు తనే మళ్లీ ఒకసారి కొలుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం వాళ్లు ఇంకో షోరూముకి వెళ్లారు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, ఆ మధ్య రకం బండి. టేపు 25 అంగుళాలు చూపించింది. చక్రాలు చిన్నవిగా, టైరు లావుగా ఉన్న రకమే చూపించమని కొడుకు అడిగాడు. అది తక్కువ ధరది సార్ అని సేల్స్ కుర్రాడు ఆశ్చర్యపోయాడు. టీచరుగారు ముందు సీట్లో ఎక్కి, వీపు రెండు మెట్లు వాల్చుకుని, తుండుగుడ్డ సర్దుకున్నారు. భర్తగారు చెప్పకుండానే వెనక ఎక్కారు. కుర్రాడు సన్‌రూఫ్ మీట మీద చెయ్యి వేశాడు.

'అది తర్వాత చూద్దాం బాబూ, ఓ అరగంట కూర్చోనీ' అన్నారావిడ.

కుర్రాడు ఓ క్షణం చూసి, కాఫీలు చెప్పడానికి వెళ్లాడు.